మాన్యం ముందు పోయింది, వెట్టి తరువాత పోయింది: భూమి లెక్కల్లో మన చరిత్రను వెతకడం

మా ఊరికి పడమట, చెరువు అలుగు దాటినాక ఒక చేను ఉంది. దాని పేరు 'ఎట్టోడి మాన్యం'. ఊళ్ళో అన్ని కులాలవాళ్ళూ ఆ పేరుతోనే పిలుస్తారు. కూలికి పోయే ఆడవాళ్ళు "ఇయ్యాల ఎట్టోడి మాన్యంలో కలుపు" అనుకుంటారు. అయితే ఆ చేను దున్నేది ఎట్టోళ్ళు కాదు. ఎట్టోళ్ళంటే మేమే. మా ముత్తాత ఊరికి వెట్టి, మా తాత వెట్టి. మూడు తరాలుగా మావాళ్ళు ఆ చేలోకి కూలికే పోయారు. పేరు మాది, పంట వాళ్ళది.

చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగితే ఒకటే మాట చెప్పేది: "మీ ముత్తాత తాగి పోగొట్టాడు." ఊరి పెద్దలు చెప్పేదీ అదే. ఆ మాట ఊళ్ళో పుట్టి మా ఇంట్లోకి వచ్చిందో, మా ఇంట్లో పుట్టి ఊళ్ళోకి పోయిందో మాకు చాలాకాలం తెలియలేదు. మా నాయన కూడా నమ్మాడు. నమ్మి, సారా ముట్టకుండా బతికాడు.

యూనివర్సిటీకి వచ్చి చరిత్ర చదువుతూ, గ్రామ ఉద్యోగుల మాన్యాల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు ముందుగా మా ఊరి లెక్కలే చూడాలనుకున్నాం. ఎట్లా వెతికాం, ఏ కాగితం ఎక్కడ దొరికింది, అది ఏం చెప్పింది, ఏం చెప్పకుండా దాచింది అన్నదే ఈ వ్యాసం. మన విద్యార్థులు, కార్యకర్తలు, పంతుళ్ళు తమ తమ ఊళ్ళల్లో ఈ పని చేయాలన్నది మా కోరిక.

వెట్టి ఒక ఉద్యోగం

'వెట్టి' అనగానే మనకు తెలంగాణ దొరల వెట్టిచాకిరి గుర్తొస్తుంది. అది నిజమే. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ లెక్కల్లో వెట్టి అనేది ఒక గ్రామోద్యోగం పేరు కూడా. మునసబు, కరణం, తలారి, నీరుగట్టు, వెట్టి - ఈ వరుసలో అందరికన్నా కింద ఉండేది వెట్టి. కోస్తా ఊళ్ళల్లో ఆ పని చేసింది ఎక్కువగా మాలలు, మాదిగలు. శిస్తు కట్టమని రైతుల్ని పిలుచుకు రావడం, కరణం దఫ్తరం మూట మోయడం, వసూలైన డబ్బుతో పాటు తాలూకా కచేరీకి నడవడం, వచ్చిన అధికారికి నీళ్ళూ కట్టెలూ చూడడం, పొలం కొలిచేటప్పుడు గొలుసు పట్టడం - ఇవన్నీ వెట్టి పనులు. రాత్రీ పగలూ లేదు.

ఆ పనికి ప్రతిఫలంగా కొంత భూమి ఇచ్చారు. శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుతోనో అనుభవించే ఆ భూమే మాన్యం, సర్కారు భాషలో ఇనాము. ఊరి గుడికి మాన్యం, బ్రాహ్మడికి మాన్యం, కరణానికి మాన్యం ఉన్నట్టే వెట్టికీ ఉంది. తేడా ఏమిటంటే గుడి మాన్యం ఎక్కువచోట్ల గుడి పేరున లెక్కల్లో నిలబడింది. వెట్టి మాన్యం చాలా ఊళ్ళల్లో చేను పేరుగా మాత్రమే మిగిలింది.

కంపెనీ ప్రభుత్వం జమీందారీ ప్రాంతాల్లో 1802లో శాశ్వత శిస్తు నిర్ణయించింది. రైత్వారీ ప్రాంతాల్లో ప్రతి రైతు పేరూ, ప్రతి చేనూ లెక్కలోకి ఎక్కింది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఎవరికి ఏ మాన్యం ఉంది, ఎవరిచ్చారు, ఏ పనికి ఇచ్చారు అని ఊరూరా విచారించి రిజిస్టర్లు రాసింది. వాటినే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు అంటారు. ఆ తరువాత 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వచ్చింది. ఉద్యోగానికి కట్టిన మాన్యాన్ని అమ్మడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికి వీల్లేదు, కోర్టు జప్తు చేయడానికీ వీల్లేదు అని ఆ చట్టం 5వ సెక్షను చెబుతుంది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మా ముత్తాత కథ ఈ సెక్షను చుట్టూనే తిరుగుతుంది.

ఈనాటి నుంచి వెనక్కి నడవాలి

కొత్తగా పని మొదలుపెట్టేవాళ్ళు నేరుగా వందేళ్ళ నాటి రిజిస్టరు కోసం పోతారు. మేమూ అట్లాగే పోయి నెలలు పోగొట్టుకున్నాం. ఈనాటి కాగితంతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు వెనక్కి దిగాలి.

మొదటి మెట్టు సర్వే నెంబరు. చేను పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, రెవెన్యూ కాగితానికి తెలియదు. దానికి నెంబరు కావాలి. గ్రామ నక్షా మీద చెరువు, డొంక, వాగు గుర్తులు పట్టుకుని చేను నెంబరు కనుక్కోవాలి. ఆ నెంబరుతో ఎఫ్ఎంబీ చూస్తే కొలతలు, సబ్ డివిజన్లు తెలుస్తాయి. ఒకప్పుడు ఒకే నెంబరుగా ఉన్న చేను ఇవాళ 1ఎ, 1బి, 2 అంటూ ముక్కలై ఉంటుంది. ఏ ముక్క ఎప్పుడు విడిపోయిందో అదే ఒక చరిత్ర.

రెండో మెట్టు అడంగల్. ఇది ఏటా రాసే లెక్క. ఏ చేలో ఏ పంట, పట్టాదారు ఎవరు, అనుభవంలో ఎవరున్నారు అన్నది ఇందులో ఉంటుంది. పట్టాదారు కాలమ్, అనుభవదారు కాలమ్ వేరు వేరు. మన భూములు చాలావరకు ఈ రెండు కాలమ్‌ల మధ్య సందులోనే జారిపోయాయి. దీనితో పాటు 10(1) ఖాతా చూడాలి, అందులో ఒక్కో పట్టాదారుకు ఏ ఏ నెంబర్లున్నాయో ఉంటుంది. 1971 చట్టం కింద తయారైన 1-బి రిజిస్టరూ చూడాలి.

మూడో మెట్టు ఆర్ఎస్ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. ఊరిలోని ప్రతి సర్వే నెంబరూ సర్కారుదా, ఇనామా, రైత్వారీ పట్టానా, మెట్టా, మాగాణా, విస్తీర్ణమెంత, ఎవరి పేరున ఉంది అన్నది ఇందులో వరుసగా ఉంటుంది. దీనికి ముందు తరం రిజిస్టరు డైగ్లాట్. ఒకే పుటలో ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి ఆ పేరు. జమీందారీ ఊళ్ళయితే ఈ దారి వేరు. అక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ ముఖ్యం.

ఆర్ఎస్ఆర్‌లో కొన్ని నెంబర్ల దగ్గర పట్టాదారు పేరు ఉండాల్సిన చోట వట్టి చుక్కలు కనిపిస్తాయి. వీటినే చుక్కల భూములంటారు. ఆంధ్రప్రదేశ్‌లో వీటి కోసం 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సొచ్చింది. చుక్క కనిపించగానే మనవాళ్ళ భూమే అని ఎగిరి గంతేయకూడదు. చుక్కకు కారణాలు చాలా ఉంటాయి. కానీ చుక్క ఉన్న ప్రతి నెంబరు దగ్గరా ఆగి, ఆ చేను ఎవరు సాగుచేసేవారో ఊళ్ళో ముసలివాళ్ళను అడగాలి.

నాలుగో మెట్టు ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఇది కలెక్టరు కచేరీ రికార్డు రూములోనో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో వెతకాలి.

ఈ మెట్ల మధ్య నెంబర్లు మారుతుంటాయి. సర్వేకు ముందు పైమాషీ నెంబర్లు ఉండేవి. పాత నెంబరుకు కొత్త నెంబరు ఏదో చెప్పే పట్టికను కోరిలేషన్ స్టేట్‌మెంట్ అంటారు. అది లేకుండా వెనక్కి నడవడమంటే చీకట్లో గట్టు దాటడమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళల్లో పాత సర్వే నెంబర్ల స్థానంలో ఎల్పీఎం నెంబర్లు వచ్చాయి. ఆ ఊళ్ళవాళ్ళు పాత నెంబరూ కొత్త నెంబరూ పక్కపక్కన రాసుకుని పెట్టుకోవాలి. ఇవాళ రాసుకోకపోతే ఇరవై ఏళ్ళ తరువాత మన పిల్లలు దారి తప్పుతారు.

కచేరీలు కూడా మారాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా రికార్డులు మూడు నాలుగు మండలాలకు పంచారు. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు విడిపోయాయి. అందుకని మీ ఊరి పాత తాలూకా ఏది, పాత జిల్లా ఏది అన్నది మొదటి పుటలోనే రాసుకోండి. పాత కట్ట మీద పాత పేరే ఉంటుంది.

ఇంకో మలుపు 1984. ఆ ఏడాది జనవరిలో అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేలు, పట్వారీ ఉద్యోగాలను రద్దుచేసింది. అది మంచి పనే. అయితే లెక్కల కట్టలన్నీ అప్పుడు సర్కారుకు చేరలేదు. కొన్ని ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. చెదలు తిన్నవి కొన్ని, కావాలని 'చెదలు తిన్నవి' కొన్ని.

తెలంగాణలో దారి వేరు

నిజాం ప్రాంతంలో కాగితాల పేర్లు వేరు, భాష వేరు. అక్కడ మొదటి సర్వే రిజిస్టరును సేత్వార్ అంటారు. హైదరాబాదు రాజ్యం పోయాక తయారైన 1954-55 ఖాస్రా పహాణీ చాలా ముఖ్యం. దాని తరువాత మూడేళ్ళ లెక్క 1955-58 చేసాల పహాణీ. ఆ తరువాత ఏటేటా పహాణీలు. వెట్టికి సమానమైన ఊరి కొలువులకు సేత్‌సింధీ, నీరడి, మస్కూరి లాంటి పేర్లున్నాయి. ఆ పేర్లతోనే ఇనాములుంటాయి. పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదివే ఒక పెద్దమనిషిని స్నేహం చేసుకోకుండా ఈ పని సాగదు. విస్తీర్ణం సెంట్లలో కాదు, గుంటల్లో ఉంటుంది. 40 గుంటలు ఒక ఎకరం. తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే మెట్ట.

1950 కౌల్దారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరును మర్చిపోవద్దు. సర్కారు భూమి దళితులకు ఇచ్చినచోట లావోణి పట్టా అన్న మాట ఉంటుంది.

తెలంగాణ మిత్రులకు ఒక హెచ్చరిక. 2017-18లో జరిగిన రికార్డుల ప్రక్షాళన తరువాత, 2020లో వచ్చిన ధరణి పోర్టల్‌లో అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు ఏదైనా, ఎవరు దున్నారో చెప్పే సాక్ష్యం పాత పహాణీల్లో ఉంది. వాటి నకళ్ళు ఇప్పుడే తీసిపెట్టుకోండి.

రెండు ప్రాంతాల్లోనూ లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. ఫసలీ 1362 అంటే 1952-53.

రిజిస్టరులో మన పేర్లు

మన విద్యార్థులు మొదటిసారి ఆర్ఎస్ఆర్ తెరిచినప్పుడు రెండు కష్టాలొస్తాయి. మొదటిది గొలుసుకట్టు రాత. అక్షరం ఎత్తకుండా రాసుకుంటూ పోతారు. దీనికి మందు అలవాటే. ఊరి పేరు, తెలిసిన ఇంటిపేర్లు ముందు గుర్తుపట్టి, వాటి అక్షరాలతో మిగతావి చదవాలి. వారం రోజుల్లో కన్ను పడుతుంది.

రెండో కష్టం కంటిది కాదు. పై కులాల రైతుల పేర్లు ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, 'గారు' లేకపోయినా గౌరవంగానే ఉంటాయి. మనవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఇంటిపేరు ఉండదు. దాని స్థానంలో కులం ఉంటుంది. మాల ఫలానాగాడు, మాదిగ ఫలానాగాడు. ముప్ఫై ఏళ్ళొచ్చిన మనిషి, నలుగురు పిల్లల తండ్రి, సర్కారు పుస్తకంలో 'గాడు'. మేము మొదటిరోజు ఆ పుట మూసేసి బయటికొచ్చి కూర్చున్నాం. తరువాత తెలిసింది, మనవాళ్ళను గుర్తుపట్టడానికి ఆ 'గాడు'నే దారిగా వాడుకోవాలని. నకలు రాసేటప్పుడు ఆ పేర్లను దిద్దకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. అవమానం కూడా సాక్ష్యమే.

ఇంటిపేరు లేకపోవడం వల్ల ఒకే ఊళ్ళో ముగ్గురు పుల్లిగాళ్ళు ఉంటే ఎవరు ఎవరో తెలియదు. ఇక్కడ రెండు రకాల సాక్ష్యాలు ఆదుకుంటాయి. ఒకటి చర్చి పుస్తకాలు. ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అందులో ఎక్కువమంది మాదిగలు. తరువాతి దశాబ్దాల్లో కోస్తా జిల్లాల్లో మాలలు, మాదిగలు వేలాదిగా క్రైస్తవులయ్యారు. అడంగల్‌లో పుల్లిగాడు, చర్చి పుస్తకంలో యోహాను ఒకే మనిషి కావచ్చు. చర్చి పుస్తకంలో తండ్రి పేరు, పెళ్ళాం పేరు, పిల్లల పేర్లు కూడా ఉండే అవకాశం ఉంది. కరణం పుస్తకం భూమిని లెక్కపెట్టింది, పాస్టరు పుస్తకం మనుషుల్ని లెక్కపెట్టింది. రెండూ కలిపి చదవాలి.

రెండోది ఆడవాళ్ళ జ్ఞాపకం. లెక్కల్లో ఆడవాళ్ళ పేర్లు చాలా తక్కువ. కానీ ఏ చేను ఎవరిది, గట్టు ఎక్కడ జరిగింది, ఏ ఏడు ఎవరి ఎద్దులు దిగాయి అన్నది ఆ చేలో కలుపు తీసినవాళ్ళకే బాగా గుర్తుంటుంది. వాళ్ళు కాలాన్ని ఫసలీల్లో చెప్పరు. "పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు", "గాలివాన వచ్చిన యేడు" అని చెబుతారు. దాన్ని సంవత్సరంలోకి మార్చుకోవడం మన పని.

మా ముత్తాత కేసు

మండల కార్యాలయంలో మొదటిసారి అడిగితే "అంత పాతవి లేవు" అన్నారు. రెండోసారి "పెద్దసారు లేరు" అన్నారు. మూడోసారి సమాచార హక్కు దరఖాస్తుతో పోయాం. అప్పుడు అక్కడి అటెండరు, మనవాడే, వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పాడు: "మూడో బీరువా, కింద అర, ఎర్రగుడ్డ మూట అని రాసివ్వు బాబూ. లేదని అనలేరు." అట్లాగే రాసిచ్చాం. ఇరవై ఆరో రోజున పుస్తకం బయటికొచ్చింది.

ఆర్ఎస్ఆర్‌లో ఆ నెంబరుకు ఎదురుగా స్పష్టంగా ఉంది: ఇనాము, వెట్టి సర్వీసు, 2 ఎకరాల 86 సెంట్లు, మెట్ట. పేరు మా ముత్తాత తండ్రిది, కులంతో, 'గాడు'తో సహా. దొరికిన పాత అడంగళ్ళలో ఫసలీ 1361 వరకు అనుభవం కాలమ్‌లో మా ముత్తాతే ఉన్నాడు. ఫసలీ 1362 పుస్తకంలో మొదటి కాలమ్ మారలేదు, అదే వెట్టి ఇనాము, అదే మా ముత్తాత. అనుభవం కాలమ్‌లో మాత్రం ఊరి ఆసామి ఒకాయన పేరు పడింది. అదే రాత, అదే సిరా. రిమార్కుల కాలమ్ ఖాళీ. తరువాత 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఆ తరువాతి లెక్కల్లో అనుభవం కాలమ్‌లో ఉన్న పేరు పట్టాదారు కాలమ్‌లోకి నడిచొచ్చి కూర్చుంది.

రిజిస్ట్రేషను ఆఫీసులో ఆ నెంబరు మీద వెతికించాం. అమ్మకం దస్తావేజు లేదు, తాకట్టు లేదు. ఎట్లా ఉంటుంది? 1895 చట్టం ప్రకారం అమ్మడానికే వీల్లేదు గదా. అమ్మకం జరగలేదు. కాలమ్ మారింది, అంతే. మార్చిన చెయ్యి కరణానిది.

ఆ ఏడు ఏమైందని కాగితం చెప్పలేదు. నాయనమ్మ చెప్పింది. ఫసలీ లెక్కలు ఆమెకు తెలియవు. 1952-53 అని మేము లెక్కగట్టి, "నువ్వు కాపురానికొచ్చిన కాలం" అని చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "నేనొచ్చిన రెండో యేడు. జొన్నలు లేవు. మా మామ ఆసామి దగ్గర రెండు బస్తాలు తెచ్చాడు. అప్పు తీరేదాకా మాన్యం మేం దున్నుకుంటాం అన్నారు వాళ్ళు. సరే అన్నాడు. కాగితం లేదు, వేలిముద్ర లేదు. అప్పు ఎప్పటికి తీరిందని ఎవరు చెప్పాలి? వాళ్ళే చెప్పాలి. వాళ్ళు చెప్పలేదు."

మరి తాగి పోగొట్టాడని ఇన్నాళ్ళూ ఎందుకన్నావు అని అడిగాం. "అందరూ అంటుంటే అన్నా. తాగేవాడు, నిజమే. ఊళ్ళో తాగనోడెవడు? తాగినోళ్ళందరి భూములూ పోలేదుగా."

ఈ పరిశోధనలో మాకు దొరికిన పెద్ద వాక్యం అదే. భూమి పోయినందుకు కారణం మన నడవడికలో ఉందని ఊరు చెప్పింది, మనం ఒప్పుకున్నాం. పుస్తకం ఇంకో సంగతి చెబుతోంది.

ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. చేను పోయాక మా ముత్తాత వెట్టి పని మానేశాడా అని అడిగాం. "మానితే ఊళ్ళో ఉండనిస్తారా? పోయేదాకా చేశాడు. తరువాత మీ తాత చేశాడు." అంటే 1952-53లో మాన్యం పోయింది, వెట్టి మాత్రం మా తాత కాలం దాకా సాగింది. ప్రతిఫలం పోయినాక కూడా పని మిగిలింది.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

వెట్టి మాన్యం కోసం ఏడవడం సరైనదేనా అని ఒక మిత్రుడు మమ్మల్ని అడిగాడు. అది బానిసత్వానికి కట్టిన కూలి గదా, పోతే పోనీ అన్నాడు. ఈ ప్రశ్న కొత్తది కాదు. బొంబాయి రాష్ట్రంలో మహార్లకు ఊరి చాకిరీ కింద వతన్ భూములుండేవి. 1928లో డాక్టర్ అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించాలని బిల్లు పెట్టారు. రాత్రీ పగలూ చాకిరీకి కట్టిపడేసే వతన్ మహార్లను ఎదగనివ్వడం లేదన్నది ఆయన వాదన. అయితే భూమి వదులుకోండి అని ఆయన అనలేదు. చాకిరీ వద్దనుకున్నవాళ్ళు పూర్తి శిస్తు కట్టి భూమిని తమ దగ్గరే ఉంచుకునే వీలుండాలని అడిగారు. అక్కడ ఆ వతన్లు 1958 చట్టంతో రద్దయ్యాయి.

ఆయన అడిగిన వరుస ఇది: చాకిరీ పోవాలి, భూమి ఉండాలి. మా ఊళ్ళో జరిగింది తలకిందులు. భూమి ముందు పోయింది, చాకిరీ తరువాత పోయింది. మీ ఊళ్ళో ఏ వరుసలో జరిగిందో లెక్కలు చూసి చెప్పండి. పది ఊళ్ళ లెక్కలు పక్కపక్కన పెడితే గానీ ఇది ఒక ఇంటి కథా, ఒక పద్ధతా అన్నది తేలదు.

సర్కారు ఇచ్చిన భూములు

మాన్యం లేని మనవాళ్ళకు వచ్చిన భూమి ఎక్కువగా సర్కారు పట్టాలే. ఆంధ్ర ప్రాంతంలో 1954 నాటి 1142 నెంబరు జీవో తరువాత ఇచ్చిన డి-ఫారం పట్టాలు వారసులకు వస్తాయి, అమ్ముకోవడానికి వీల్లేదు. అట్లాంటి భూములు చేతులు మారితే చెల్లదని 1977లో చట్టం వచ్చింది. అయినా చేతులు మారాయి. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే హక్కు ఇచ్చారు. అది హక్కో ఉచ్చో అన్న చర్చ వేరే చేద్దాం. ఈ వ్యాసానికి కావలసింది ఒకటే: అసలు పట్టా ఎవరికిచ్చారు అన్న లెక్క మన దగ్గర ఉందా? మండల ఆఫీసులోని అసైన్‌మెంటు రిజిస్టరు నకలు తీసి, ఒక్కో పేరు పక్కన ఇవాళ దున్నేది ఎవరో రాస్తే ఊరి చరిత్ర ఒక పుటలో కనబడుతుంది.

దీన్ని ఉత్త కాగితాల గొడవ అనుకోవద్దు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస జలాశయం కోసం సేకరించిన భూమిలో దళితులు సాగుచేసుకోవడం దాని వెనకున్న తగాదా. ఆ భూమి ఎవరిది, ఎవరు దున్నాలి అన్న ప్రశ్నకే అక్కడ నెత్తురు కారింది.

రాసుకోవడం ఎట్లా

ఒక సర్వే నెంబరుకు ఒక పుట. పైన ఊరు, పాత తాలూకా, పాత జిల్లా. కింద ఏ రిజిస్టరు, ఏ ఫసలీ, ఏ పుట, ఏ తేదీన ఎక్కడ చూశాం. తరువాత ఎడమ చివరి కాలమ్ నుంచి కుడి చివరి రిమార్కుల దాకా ఒక్క గడి కూడా వదలకుండా నకలు. ఖాళీగా ఉంటే 'ఖాళీ' అని రాయాలి, కొట్టివేత ఉంటే 'కొట్టివేత' అని రాయాలి, సిరా మారితే అదీ రాయాలి. చదవలేని మాటను ఊహించి రాయకూడదు, గీత పెట్టి వదలాలి. ఫొటో తీయనిస్తే పుట మొత్తం ఒక ఫొటో, ఆ వరుస ఒక్కటే ఒక ఫొటో తీయాలి.

ఎదురు పుటలో ముసలివాళ్ళు చెప్పింది రాయాలి. వాళ్ళ మాటల్లోనే, మన గ్రాంథికంలోకి మార్చకుండా. వీలైతే చేను గట్టు మీద నిలబడి అడగండి. ఇంట్లో గుర్తురానివి అక్కడ గుర్తొస్తాయి. నాలుగు దిక్కుల హద్దులు, చెట్లు, బావి, చేను పేరు రాసుకోండి. కాగితం మాటా మనిషి మాటా కలవనిచోట రెండూ ఉంచండి. మనకు నచ్చిన దాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తే కరణం చేసిన పనే మనమూ చేసినట్టు.

నకళ్ళ కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు ఉంది. 'మా ఊరి భూముల వివరాలు' అని అడిగితే ఏమీ రాదు. రిజిస్టరు పేరు, ఫసలీ, సర్వే నెంబరు రాసి అడగాలి. రిజిస్ట్రేషను ఆఫీసులో 1908 చట్టం 57వ సెక్షను ప్రకారం భూముల దస్తావేజుల పుస్తకం, దాని సూచిక ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. కంప్యూటరులో లేని పాత ఏళ్ళకు చేతితో వెతికించాలి.

మూడు జాగ్రత్తలు. ఎవరి ఇంట్లోనైనా అసలు పట్టా చూపిస్తే నకలు తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయండి, ఒక్కరోజు కూడా మన దగ్గర ఉంచుకోవద్దు. ఊరి పేరు, మనుషుల పేర్లు అచ్చువేసే ముందు ఆ కుటుంబాన్ని అడగండి, రేపు ఆ ఊళ్ళో కూలికి పోవాల్సింది వాళ్ళు. కాగితం దొరికింది కాబట్టి భూమి వచ్చేస్తుందని ఎవరికీ మాట ఇవ్వవద్దు. కోర్టు దారి వేరు, గడువులు వేరు, దానికి వకీలు కావాలి.

మేమూ మా ఇంట్లో అట్లాంటి మాట ఇవ్వలేదు. ఆ 2 ఎకరాల 86 సెంట్లు ఇవాళ కూడా వాళ్ళ చేతిలోనే ఉంది. మేము చేసింది ఒకటే. ఆర్ఎస్ఆర్ నకలూ, ఫసలీ 1361, 1362 అడంగల్ నకళ్ళూ తీసుకుపోయి మా నాయన ముందు పెట్టి చదివి వినిపించాం. ఆయన అనుభవం కాలమ్ దగ్గర వేలు పెట్టి "ఇక్కడేనా మారింది?" అని అడిగాడు. ఇక్కడే అన్నాం. ఆ నకళ్ళు మడిచి, మా ముత్తాత ఫొటో ఎన్నడూ లేని ఆ ఇంట్లో, బైబిలు పెట్టుకునే పెట్టెలో పెట్టాడు.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఊళ్ళకు పోయే విద్యార్థులు ఒక్కొక్కరు రెండేసి సర్వే నెంబర్లు ఎంచుకోండి. మీ ఊళ్ళో మాల మాన్యం, మాదిగ మాన్యం, ఎట్టోడి మాన్యం, తలారి చేను అనే పేర్లు ఏవున్నాయో ముందు ముసలమ్మల్ని అడగండి. తరువాత కచేరీకి పోండి. ఆ వరుస మాత్రం మార్చకండి. రిజిస్టరు బీరువాలో ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ముసలమ్మలు ఉండరు.